గడ్డి స్ట్రిప్‌ల లాగ్: సరిపోని విమానాలతో జాన్సన్ క్రీక్

ఐదు నెలలయింది ఈ లాగ్ మొదలుపెట్టి. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో అమెరికాలోని ఐడహో కొండల మధ్య ఉన్న గడ్డి రన్‌వేలకి (స్ట్రిప్‌లకి), మామూలుగా అక్కడికి ఎవరూ తీసుకెళ్ళని విమానాల్ని తీసుకెళ్తున్నా. ఆ చోట్లకి పెద్ద టైర్ల సూపర్ కబ్, సెస్నా 185 లాంటివి సరిగ్గా సరిపోతాయి, వాటితో నేను రెండేళ్ళు ఎగిరా, చాలా ఇష్టం కూడా, కానీ అవి మన తప్పుల్ని మింగేస్తాయి. పది నాట్లు (ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) ఎక్కువ వేగంతో వచ్చినా ఆగిపోతాయి, అందుకే ఆ పది నాట్లు ఎక్కువ ఉన్నాయని మనకి తెలియను కూడా తెలియదు. సరిపోని విమానం ఆ తప్పుని అక్కడికక్కడే చూపిస్తుంది.

మొదట్లో పెట్టుకున్న రూల్స్ రెండే. ఒకటి, దిగినంత మాత్రాన లెక్కలోకి రాదు, దిగి మళ్ళీ ఎగిరి మెక్‌కాల్ చేరాలి, చేరాక ఇంకా 45 నిమిషాల ఇంధనం మిగలాలి. జాన్సన్ క్రీక్ నుంచి మెక్‌కాల్ నేరుగా దాదాపు 26 నాటికల్ మైళ్ళు, అక్కడ మంచి తారు రన్‌వే ఉంది. రెండు, సిమ్‌లో పాజ్ నొక్కకూడదు, ఒకసారి మొదలెడితే అయ్యేదాకా ఎగరాలి. మూడో రూల్ మొన్న మొన్నే చేర్చా, దాని వల్ల ఒక పెద్ద ల్యాండింగ్ కొట్టేయాల్సి వచ్చింది, ఆ సంగతి చివర్లో రాస్తా.

ఎక్కువ ప్రయత్నాలు జాన్సన్ క్రీక్‌లోనే ఎందుకంటే అది కాస్త దయ ఉన్న స్ట్రిప్. కోడ్ 3యూ2, పొడవు 3,400 అడుగులు, వెడల్పు 150 అడుగులు, మొత్తం పచ్చిక, ఎత్తు దాదాపు 4,900 అడుగులు. ఐడహో రాష్ట్రమే నడుపుతుంది. ఎల్లో పైన్ ఊరికి దక్షిణంగా సుమారు మూడు మైళ్ళ దూరంలో వాగు పక్కనే ఉంటుంది. ఒకే పట్టీని దక్షిణం వైపు వాడితే రన్‌వే 17, ఉత్తరం వైపు వాడితే 35. మామూలుగా 17 మీద దిగుతారు, 35 మీద ఎగురుతారు, అంటే వాగు ఎగువ వైపు మొహం పెట్టి దిగి, దిగువ వైపు పడిపోతున్న నేల మీదుగా బయటికి పోవడం అన్నమాట. 17 మీద గో-అరౌండ్ చేస్తే (దిగకుండా మళ్ళీ పైకి లేస్తే) మాత్రం నేల లేస్తున్న వైపుకే వెళ్తున్నట్టు, ఇది గుర్తుంచుకోండి.

మొదటి నెలంతా సెస్నా 172తోనే గడిచింది. 172 అందరూ ఎక్కడికైనా తీసుకెళ్ళే బండి కదా, ఇందులో సరిపోకపోవడం ఏముంది అనుకున్నా నేను కూడా, కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాకే తెలిసింది. 172ఎస్ కి ఫుల్ బరువు 2,550 పౌండ్లతో సముద్రమట్టంలో, 15 డిగ్రీల్లో టేకాఫ్ మొదలెట్టి 50 అడుగుల ఎత్తు అడ్డంకి దాటడానికి 1,630 అడుగుల దూరం కావాలి. చిన్న విమానాలకి బ్రిటన్ ఏవియేషన్ అథారిటీ వాళ్ళు సులువైన గుణకాలు ఇచ్చారు: టేకాఫ్‌కి ప్రతి 1,000 అడుగుల ఎత్తుకి 10 శాతం, ప్రతి 10 డిగ్రీల వేడికి 10 శాతం, ఎండిన గడ్డికి 20 శాతం, తడి గడ్డికి 30 శాతం, బరువు 10 శాతం పెరిగితే 20 శాతం, ఇవన్నీ కూడకూడదు, ఒకదానితో ఒకటి గుణించాలి. 5,000 అడుగుల ఎత్తు, మధ్యాహ్నం 30 డిగ్రీలు, ఎండిన గడ్డి వేసి చూస్తే దగ్గర దగ్గర 3,600 అడుగులు వచ్చింది. రన్‌వే ఉన్నదే 3,400. ఇది ఇంకా సేఫ్టీ మార్జిన్ కలపకుండా, దానికి వాళ్ళు టేకాఫ్‌కైతే 1.33 తో గుణించమంటారు.

అదే లెక్క పొద్దున్నే 5 డిగ్రీల్లో చేస్తే సుమారు 2,860, ఇంకో 10 శాతం బరువు తగ్గిస్తే 2,400 లోపు. అంటే ఒకే విమానం, ఒకే గడ్డి, పొద్దున సరిపోతుంది, మధ్యాహ్నం సరిపోదు. అప్పట్నుంచి నా లాగ్‌లో ప్రతి ప్రయత్నానికి విమానం పేరు పక్కన గంట, ఉష్ణోగ్రత, బరువు రాయడం మొదలెట్టా, అవి లేకుండా పేరు ఒక్కటే రాస్తే ఏమీ తెలియదు.

ఇంకోటి, సిమ్‌లో గడ్డి అసలు గడ్డిలా ఆపదు. నేను వాడే సిమ్‌లో బ్రేకులు తారు మీద పట్టినట్టే పడతాయి, మెత్తటి నేల, గుంతలు, పొద్దుటి మంచుకి తడిసిన పచ్చిక, ఇవేవీ నమ్మేటట్టు లేవు. అందుకని ఆగిన దూరాన్ని నేనే పెంచి రాసుకుంటున్నా. 172ఎస్ మాన్యువల్‌లోనే ఎండిన గడ్డి మీద ల్యాండింగ్ రోల్‌కి 45 శాతం కలపమని ఉంది, అదే అన్ని చిన్న విమానాలకీ వాడుతున్నా. సిమ్‌లో 1,000 అడుగుల్లో ఆగితే లాగ్‌లో 1,450 అని రాస్తా.

రెండో నెలలో సిరస్ ఎస్ఆర్22, మూనీ. సిరస్‌కి ఇంజన్ బలం 310 గుర్రాలు, ఎగరడానికి ఇబ్బంది లేదు, ఇబ్బంది అంతా నేల మీదే. ముందు చక్రానికి స్టీరింగ్ ఉండదు, అది దానంతట అదే తిరుగుతుంది, దారి మార్చాలంటే ఒక పక్క బ్రేక్ తొక్కాలి, ఆ పక్క చక్రం గడ్డి మీద జారితే విమానం అటు తిరగదు. చక్రాల మీద తొడుగులు కూడా ఉంటాయి, నిజంగా అయితే వాటిలో గడ్డి, మట్టి ఇరుక్కుంటాయి. ఫుల్ ఫ్లాప్స్‌తో (రెక్కల వెనక పలకలు పూర్తిగా దించి) స్టాల్, అంటే రెక్క విమానాన్ని మోయలేక వదిలేసే వేగం, 60 నాట్ల దగ్గర, కాబట్టి 77కి తగ్గకుండా వచ్చేవాణ్ణి. మొదటి నాలుగూ పోయాయి. కారణం మధ్యాహ్నాలు ఎగరడమే. 30 డిగ్రీల్లో ఆ ఎత్తులో గాలి 8,000 అడుగుల ఎత్తు గాలిలా పలచగా ఉంటుంది, అప్పుడు వేగం చూపే మీటర్ మీద 77 ఉంటే అసలు వేగం 87. నేల చాలా వేగంగా వెనక్కి పోతున్నట్టు కనిపించి, చెయ్యి దానంతట అదే ముక్కు పైకెత్తేసేది, మీటర్ 65కి పడిపోయేది. రెండుసార్లు స్టాల్ వార్నింగ్ వచ్చింది, ఒకసారి నిజంగానే పడింది. దీనికి నాకు పని చేసిన మందు, ఫైనల్‌లో (రన్‌వేకి సూటిగా వచ్చే చివరి దారిలో) ఉన్నప్పుడు పక్క కిటికీలోంచి నేలని చూడకపోవడం, మీటరూ గడ్డి అంచూ తప్ప ఇంకేదీ చూడను.

మూనీది పూర్తిగా వేరే గొడవ. దాని రెక్క నున్నగా జారిపోయే రెక్క, ప్రొపెల్లర్ నేలకి దగ్గర, కాళ్ళు పొట్టి. 10 శాతం వేగం ఎక్కువ ఉంటే మోసుకొచ్చే శక్తి 21 శాతం ఎక్కువ, మూనీ ఆ 21 శాతాన్ని వదలకుండా గడ్డికి రెండడుగుల మీద తేలుతూ పోతుంది. బలవంతంగా దింపితే ముక్కు చక్రం మీద గెంతి, రెండో గెంతుకి ప్రొపెల్లర్ గడ్డిని కొడుతుంది. పదకొండు ప్రయత్నాల్లో మూడే నిలిచాయి, ఆ మూడూ సరైన వేగంతో వచ్చినవే, మరో కిటుకు లేదు.

టేకాఫ్‌కి మాత్రం ఒక రూల్ అన్ని ప్రొపెల్లర్ విమానాలకీ పనిచేసింది. రన్‌వే సగం దగ్గర, అంటే 1,700 అడుగుల దగ్గర, ఎగిరే వేగంలో 70 శాతం రాకపోతే పవర్ తీసేయడం. త్వరణం ఒకేలా ఉందనుకుంటే దూరం వేగం వర్గంతో పెరుగుతుంది, 0.7 వర్గం 0.49, అంటే సగం దూరానికి 70 శాతం వచ్చి ఉండాలి, అంత సూటి లెక్క. ఎగరబోయే ముందు రన్‌వే పక్కన సగం దగ్గర ఉన్న ఒక చెట్టుని గుర్తుపెట్టుకుంటా. 172కి 55లో 70 శాతం, 38 నాట్లు. ఇంజన్‌కి మిక్స్చర్ (గాలిలో కలిసే ఇంధనం పాళ్ళు) తగ్గించడం మర్చిపోతే ఆ 38 ఎప్పటికీ రాదు. ఆరుసార్లు ఆపేశా, ఆరుసార్లూ విమానం మిగిలింది.

గాలి సంగతి కొంచెం చిక్కు. పొద్దున చల్లటి గాలి కొండల మీంచి లోయ దిగువకి పారుతుంది, ఎండెక్కాక ఎగువకి తిరుగుతుంది. అంటే పొద్దున 17 మీద దిగేటప్పుడు ఎదురుగాలి, బాగుంటుంది, కానీ 35 మీద ఎగిరేటప్పుడు అదే గాలి వెనక నుంచి. ఎగిరే వేగంలో 10 శాతం వెనక గాలి ఉంటే టేకాఫ్ దూరం 20 శాతం పెరుగుతుంది, 172కైతే ఐదున్నర నాట్లు చాలు. కాబట్టి చల్లదనం ఇచ్చిన లాభంలో కొంత గాలి పట్టుకుపోతుంది. నేను తెల్లారాక గంటకి, గాలి బాగా నెమ్మదించినప్పుడు బయల్దేరుతున్నా, దీనికంటే మంచి సమయం నాకు దొరకలేదు.

నాలుగో నెలలో టీబీఎం 930. 850 గుర్రాల టర్బైన్, సముద్రమట్టంలో టేకాఫ్ 2,380 అడుగులు, ల్యాండింగ్ 2,430, ఈ టర్బైన్ ఇంత ఎత్తులో పిస్టన్ ఇంజన్ అంత బలం పోగొట్టుకోదు. ఇది నేను భయపడ్డంత కష్టం కాలేదు, ఏడింట ఐదు. రివర్స్ (ప్రొపెల్లర్ గాలిని ముందుకి తోసి విమానాన్ని ఆపడం) వాడకుండా దిగుతున్నా, నిజమైన గడ్డి మీద రివర్స్ వేస్తే మట్టి, రాళ్ళు లేచి ప్రొపెల్లర్ అంచుల్ని తినేస్తాయి కాబట్టి.

ఆ ధైర్యంతోనే పోయిన నెల సిటేషన్ సీజే4 జెట్ తీసుకెళ్ళా. పుస్తకంలో ఫుల్ బరువుకి, సముద్రమట్టంలో, గట్టి రన్‌వే మీద టేకాఫ్ 3,410 అడుగులు, మన రన్‌వే కన్నా పది అడుగులు ఎక్కువ. ఇంధనం బాగా తగ్గించి, 4 డిగ్రీల తెల్లవారుజామున మూడో ప్రయత్నంలో దిగా, 250 అడుగులు మిగిలాయి. మళ్ళీ ఎగిరా కూడా, మెక్‌కాల్ చేరా, 45 నిమిషాల ఇంధనం మిగిలింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

మర్నాడు రీప్లే చూస్తూ మ్యాప్ మీద దారి గీశా. ఎల్లో పైన్ దాటి లోయలోకి వచ్చేటప్పుడు అసలు వేగం 140 నాట్లు. ఆ వేగంలో 30 డిగ్రీల వాలుతో (రెక్కల్ని అంత పక్కకి వంచి) వెనక్కి తిరగాలంటే వృత్తం వెడల్పు 1.8 కిలోమీటర్లు. 100 నాట్లైతే 930 మీటర్లే చాలు, 180 అయితే మూడు కిలోమీటర్లు. వాలు 45కి పెంచితే వృత్తం చిన్నదవుతుంది కానీ స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది. మ్యాప్ మీద 1.8 కిలోమీటర్ల వృత్తాన్ని పెట్టి నేను ఎగిరిన ఎత్తులో జరుపుకుంటూ వచ్చా, రెండు పక్కలా కొండల్లోకి దిగబడిపోయింది. ముందు స్ట్రిప్ మీద ఏ జింకో నిలబడి ఉన్నా, మబ్బు అడ్డొచ్చినా, నాకు వెనక్కి తిరిగే చోటే లేదు. ఐదు నెలలు నేను గడ్డిని కొలుస్తూ కూర్చున్నా, అసలు సరిపోనిది గడ్డికి నాలుగు మైళ్ళ ముందే మొదలైంది.

అందుకని మూడో రూల్: దారిలో ఏ చోటైనా 30 డిగ్రీల వాలుతో వెనక్కి తిరిగే చోటు లేకపోతే ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు. సీజే4 వరుస కొట్టేశా. పాత రీప్లేలన్నీ మళ్ళీ కొలిచా, టీబీఎం ఐదులో రెండు పోయాయి, లోయలోకి 120 పైన వచ్చినవి. సిరస్‌వి అన్నీ నిలిచాయి.

ఇప్పుడు లెక్క 58 ప్రయత్నాలు, 27 పూర్తి. ఈ రూల్ వల్ల కొన్ని చోట్లు జాబితాలోంచి తీసేశా: డ్యూయీ మూర్, మైల్ హై, సైమండ్స్, వైన్స్, ఈ నాలుగూ నిజంలోనే అత్యవసరానికి మాత్రమే అని ఫారెస్ట్ సర్వీస్ చెప్పే స్ట్రిప్స్, వాటికి తగ్గ విమానంతోనే ఎప్పుడైనా వెళ్తా. వాటి బదులు ఛాంబర్లిన్ చేర్చా. అది ఫ్రాంక్ చర్చ్ అడవి లోపల ఉంది, 1980లో ఆ అడవిని చట్టంతో కాపాడినప్పుడు అప్పటికే వాడుకలో ఉన్న స్ట్రిప్‌లని రాష్ట్రం ఒప్పుకోకుండా శాశ్వతంగా మూయకూడదని అందులోనే రాశారు, అది చదివినప్పటి నుంచి ఆ చోటు మీద గౌరవం పెరిగింది.

ఈ ఆదివారం బారన్, రెండు ఇంజన్లు, ఛాంబర్లిన్ పొడుగు రన్‌వే. వృత్తాలు ముందే గీసి పెట్టుకున్నా, లోయలోకి 110 నాట్లకి మించి వెళ్ళను, తెల్లారాక గంటకి మెక్‌కాల్ నుంచి టేకాఫ్.