మందుల కవరు

ఈరోజు మంగళవారం. నెలకోసారి తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లే రోజు. బడికి సెలవు చీటీ నిన్ననే రాసిచ్చాను.

పొద్దున ఆరున్నరకు అమ్మ ఫోన్ చేసింది. "ఉరవకొండలో బస్సెక్కించినా. కండక్టరుకూ చెప్పినా. నువ్వు బస్టాండులో ఉండు" అంది. బళ్లారి నుంచి అనంతపురం వచ్చే బస్సు అది. ఇప్పుడు వాడు ఒక్కడే వస్తున్నాడు. మా ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. పదకొండేళ్ల కిందట ఒక రాత్రి చెప్పకుండా వెళ్లిపోయి, నాలుగో రోజు గుంతకల్లు స్టేషన్లో కాళ్లకు చెప్పుల్లేకుండా దొరికాడు. అప్పుడు వాడికి ఇరవై మూడేళ్లు. గాలి సోకిందన్నారు, ఎవరో ఏదో పెట్టారన్నారు. తాయెత్తులు కట్టించాం. రెండేళ్ల శనక్కాయ పంట డబ్బు వాటికే పోయింది. జబ్బు పేరు స్కిజోఫ్రీనియా అని, లేని మాటలు వినపడేలా, లేని అనుమానాలు నిజమనిపించేలా చేసే మనసు జబ్బని తెలిసే సరికి ఏడాదిన్నర దాటింది.

బస్సు దిగుతూనే "అక్కా, ఉగ్గాని తిందామా" అన్నాడు. బండి దగ్గర నిలబడి తిన్నాం. బజ్జీ తొడిమ తీసి ప్లేటు అంచున పెట్టి, మిగిలింది నిదానంగా నమిలి తిన్నాడు. అన్నంలో ఏదో కలిపారని ఒకప్పుడు మూడు రోజులు ముద్ద ముట్టని వాడు. వాడు ఏది తింటున్నా నాకు చూడాలనిపిస్తుంది.

ఓపీలో మా టోకెన్ 46. లెక్కల టీచర్ని కదా, లైన్లో కూర్చుంటే లెక్కలే తోస్తాయి. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా 180 నిమిషాలు. టోకెన్లు అరవై. మనిషికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లోనే నిద్ర పడుతోందా, చెవుల్లో మాటలు వినపడుతున్నాయా అని అడగాలి, పాత చీటీలు చూడాలి, మందు రాయాలి. డాక్టరు గారు ఏనాడూ విసుక్కోలేదు. ఈరోజు కూడా తమ్ముణ్ణి చేతులు చాపమని, వేళ్లు వణుకుతున్నాయేమో వంగి చూశారు. "శనక్కాయ వేసినారా ఈసారి?" అని కూడా అడిగారు. ఆయన్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. కానీ మా వెనక ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు.

ఇంతకు ముందు ఆ మూడు నిమిషాల తర్వాత పక్క గది ఉండేది. అందులో సోషల్ వర్కర్ ఒకమ్మాయి కూర్చునేది. కాంట్రాక్టు ఉద్యోగం. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచి, పావుగంటైనా మాట్లాడేది. వాడు ఆరో తరగతితో బడి మానేశాడు, అమ్మకు అక్షరాలు రావు. చీటీ మీద 1-0-1 అని, అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని రాస్తే ఇద్దరికీ అర్థం కాదు. అందుకని ఆ అమ్మాయి మందుల కవర్ల మీద స్కెచ్ పెన్నుతో బొమ్మలు వేసేది. పొద్దున వేసుకునే వాటికి పసుపు సూర్యుడు, పడుకునే ముందు వాటికి నీలం చంద్రుడు. ఒకసారి మేం నెల తప్పితే తనే ఫోన్ చేసి, "అమ్మకు బాగలేదా అక్కా? మరి మందులెట్లా?" అని అడిగింది. నాకు తెలిసినంతలో, మా వాడు మందులు తప్పకుండా వేసుకోవడం మొదలైంది ఆ బొమ్మలతోనే. మందులు తప్పలేదు కాబట్టే ఇవాళ ఒక్కడే బస్సెక్కి వస్తున్నాడు.

ఐదు నెలలైంది ఆమె వెళ్లిపోయి. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. జీతం ఒక నెల వస్తే రెండు నెలలు రాదు. బెంగళూరులో ప్రైవేటు ఉద్యోగం దొరికింది. వెళ్లే ముందు నాతో చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది, "నాక్కూడా ఇల్లు గడవాల కదక్కా" అని. ఏం తప్పుంది ఆమెలో? ఆ కుర్చీలోకి ఇంతవరకు ఎవరూ రాలేదు.

తమ్ముడు ప్రతిసారీ ఆ గది ముందు ఆగుతాడు. ఈరోజూ ఆగాడు. తాళం కప్పను వేళ్లతో ముట్టుకుని, మళ్లీ నా వెనకే వచ్చేశాడు.

మందుల కిటికీ దగ్గర రెండు తెల్ల కవర్లు ఇచ్చారు, వాటి మీద అంకెలు. బయట వేపచెట్టు కింద వాడు చొక్కా జేబులోంచి ఒక కవరు తీశాడు. ఆ అమ్మాయి బొమ్మ వేసిన చివరి కవరు. నాలుగు మడతలు పెట్టి పెట్టి మడత దగ్గర చినిగితే, అమ్మ అన్నం మెతుకులతో అతికించింది. చెమటకు పసుపు రంగు పాకి చంద్రుడి అంచు దాకా వచ్చింది. "మాత్రలు దీంట్లో వెయ్యక్కా" అన్నాడు. వేస్తే ఉరవకొండ దాకా కూడా ఆగదు అది. నా బ్యాగులో పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను ఉంది. దాంతోనే కొత్త కవర్ల మీద ఒక సూర్యుణ్ణి, ఒక చంద్రుణ్ణి వేశాను. వాడు చాలాసేపు చూశాడు కానీ ఏమీ అనలేదు. పాతది మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం వాణ్ణి బస్సెక్కించాను. అద్దం మీద బళ్లారి అని పెద్ద అక్షరాలు. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు కడుపులో కలుక్కుమంటుంది. 1985లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఆ బళ్లారి జిల్లాలోనే పని మొదలుపెట్టారు. పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు ట్రైనింగ్ ఇచ్చారు, మందులు అక్కడికే అందించారు, పల్లెటూరి మనిషికి మానసిక వైద్యం పల్లె దగ్గరే చేయవచ్చని చూపించారు. దాన్నే నమూనాగా తీసుకుని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాల్లో పెట్టారు. వాటిలో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్ ఒకటి. ఇప్పుడు దేశంలో 767 జిల్లాలు ఈ కార్యక్రమం కిందికి వచ్చాయి. సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు, నర్సు, సోషల్ వర్కర్ అందరూ ఉంటేనే అది జిల్లా టీమ్. మా ఊరికి ఆ పక్క బళ్లారి, ఈ పక్క అనంతపురం, రెండూ ఇంచుమించు ఒకే దూరం. నా తమ్ముడు పుట్టకముందే యాభై కిలోమీటర్ల అవతల తెలిసిన పద్ధతి, వాడికి జబ్బు చేసిన రోజున మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

ఇంటికొచ్చి అన్నం తిని, అరగంట నడుం వాల్చాను. నిద్ర పట్టలేదు.

సాయంత్రం నా పాత విద్యార్థిని వచ్చింది. బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, ఎమ్మెస్సీలో సైకియాట్రిక్ నర్సింగ్ తీసుకోవాలని ఉందట. వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదు. ఐసీయూలో చేస్తే గల్ఫ్‌లోనైనా ఉద్యోగం దొరుకుతుంది, దీంతో యాడికి పోతావు అంటున్నాడట. ఆ అమ్మాయి కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అడిగింది: "చదివితే పోస్టు ఉంటుందా మేడమ్?"

ఉంటుందని చెప్పాలని ఎంత ఉందో. కేంద్రం డబ్బు పెట్టి మానసిక వైద్య నిపుణులను తయారుచేయడానికి దేశంలో 25 సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్ మంజూరు చేసింది. 19 ప్రభుత్వ వైద్య సంస్థల్లో 47 పీజీ విభాగాలకు సాయం చేసింది. అందులో నర్సింగ్ కూడా ఉంది. మంచి పని, ఇంకా కావాలి. అయితే సీటు ఇచ్చినంత మాత్రాన పని అయిపోదు. చదివి బయటికొచ్చిన పిల్లకు కూర్చోవడానికి కుర్చీ, ఒకటో తారీకు జీతం ఉండాలి. లేకపోతే ఇక్కడి డబ్బుతో తయారైన మనిషి బెంగళూరు బస్సెక్కుతుంది. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పలేదు. నాన్నను ఒకసారి మా ఇంటికి తీసుకురమ్మన్నాను. తమ్ముడు వచ్చిన రోజైతే ఇంకా మంచిది. వాణ్ణి చూస్తే సైకియాట్రిక్ నర్సు చేసే పని ఏమిటో ఆయనకే తెలుస్తుంది.

రాత్రి ఆ తాళం వేసిన గది గురించి అర్జీ రాయడానికి కూర్చున్నాను. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అక్కడ ఇవ్వాలని. మా ఆయన "14416 ఉంది కదా" అన్నాడు. ఉంది. టెలీ మానస్, మనసు బాగలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ నంబరు, 2022 అక్టోబరు 10న మొదలైంది. పోయిన ఏడాది అమ్మకు దిగులు ఎక్కువై రాత్రి పదింటప్పుడు ఏడుస్తుంటే నేనే ఆ నంబరుకు చేశాను. తెలుగులోనే, తొందరపెట్టకుండా ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆ మేలు మరిచిపోను. అక్కడ కూడా ఫోనెత్తేది మనిషే కదా, ఆ మనిషికీ జీతం కావాలి. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో దానికి 133 కోట్లకు పైగా చూపించి, మరుసటి ఏడాది 90 కోట్లకు దించారు. పైగా వేళ్ల వణుకు ఫోన్లో కనపడదు. తాళం వేసిన గదికి ఫోను బదులు కాదు.

మా ఊరి ఆశా కార్యకర్త గురించి కూడా రాశాను. తమ్ముడికి మందులు అయిపోవచ్చాయేమో చూసి అమ్మకు గుర్తుచేసేది ఆమే. ఎవరూ చెప్పకుండా చేస్తోంది. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశాలకు, పీహెచ్‌సీ డాక్టర్లకు ట్రైనింగ్ ఇచ్చి డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్లను గుర్తించి వైద్యానికి పంపే ప్రాజెక్టు ఒకటి నడిచింది. మన రాష్ట్రంలోనే జరిగింది, మన అనంతపురంలో ఎందుకు జరగకూడదు? అప్పుల పాలై ఉరి పోసుకున్న రైతుల ఇళ్లు మన జిల్లాలో ఎన్ని చూశాం! వాళ్లలో ఒక్కరి దగ్గరైనా ఎవరైనా కూర్చుని "నిద్ర పడుతోందా అన్నా" అని అడిగి ఉంటే అనిపిస్తుంది. కాకపోతే ఆశాలకు ఉన్న పనుల మీద ఇంకో రిజిస్టరు ఊరికే పెట్టకూడదు. దానికి వేరే డబ్బు ఇవ్వాలి, సందేహం వస్తే అడగడానికి పైన చదువుకున్న మనిషి ఉండాలి.

నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వేలో, జబ్బు రకాన్ని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని తేలింది. నా తమ్ముడు మిగిలిన ఆ కొద్దిమందిలో ఉన్నాడు. ఆ సంగతి తలుచుకుంటే సంతోషపడాలో భయపడాలో తెలియదు.

చట్టం సంగతి చివర్లో రాశాను, అదే బలమైన మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. అమల్లోకి వచ్చిన పదేళ్లలోగా, జనాభాకు తగినంత మంది మానసిక వైద్య నిపుణులు ఉండేలా ప్రభుత్వం ప్రయత్నించాలని 31వ సెక్షన్‌లో ఉంది. అంటే 2028 మే. లక్షకు ముగ్గురు సైకియాట్రిస్టులుండాలని అంటారు, దేశంలో ఉన్నది 0.75. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 40 లక్షల 81 వేలు. లక్షకు ముగ్గురంటే 122 మంది. లెక్క ఇలా వేసి, కింద ఇంకో వాక్యం రాశాను: "అయ్యా, వారందరూ ఒకేసారి రారని మాకు తెలుసు. ముందుగా ఆ గదిలో ఖాళీగా ఉన్న ఒక్క పోస్టును, కాంట్రాక్టుగా కాక పర్మినెంటుగా నింపవలసిందిగా కోరుతున్నాను." మా ఆయన చదివి, పర్మినెంటు అనే మాట కింద గీత గీయమన్నాడు. గీశాను.

తొమ్మిదిన్నరకు అమ్మ ఫోన్ చేసింది. తమ్ముడు సంగటి తిన్నాడట, చంద్రుడి కవరులో మాత్ర వేసుకున్నాడట. తర్వాత వాడే ఫోన్ తీసుకున్నాడు.

"అక్కా, సూర్యునికి ఆరు గీతలే వేసినావు."

"ఎన్నుండాల?"

"ఎనిమిది. ఆ మేడం ఎనిమిది వేస్తాండె. అమ్మ మసిబొగ్గుతో రెండు పెట్టింది, ఇప్పుడు సరిపోయింది."