పేనుకొరుకుడు కాదట

"జుట్టు సమస్య కాదిది, సిఫిలిస్ అనే సుఖవ్యాధి" అని డాక్టర్ రిపోర్ట్ మా ముందు పెట్టేసరికి మా స్నేహితుడి మొహం పాలిపోయింది. (పేరు రాయను. రాయమన్నది మాత్రం వాడే.)

తల వెనకా, చెవుల పైనా చిమ్మటలు కొట్టిన ఉన్ని బట్టలా అక్కడక్కడా ఖాళీలు. ఎడమ కనుబొమ్మ చివర కూడా పల్చబడింది. దురద లేదు, నొప్పి లేదు. ఇన్నాళ్లూ నూనెలు మారుస్తూ కూర్చున్నాడు.

రెండో దశలో కొందరికి జుట్టు ఇలా రాలుతుందట. మొదట వచ్చే పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, దానంతటదే మానిపోతుంది. ఇక ఎవరు పట్టించుకుంటారు?

పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్ని నెలల్లో జుట్టు మళ్లీ వస్తుందన్నారు. ఆ మాట వాడి చెవికెక్కినట్టు లేదు. వాడి భాగస్వామి కూడా రక్తపరీక్ష చేయించుకోవాలి కదా, బయటికి రాగానే "తనకెలా చెప్పాలిరా?" అన్నాడు.