ఆ గోడ దగ్గర ఇంకాసేపు ఉండనిస్తే

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. కారణం చిన్నదే. హిమాచల్ కొండల్లోని స్పితికి టూరు వెళ్ళినవాళ్ళ గ్రూపులో మధ్యాహ్నం ఒక ఫొటో వచ్చింది. టూరు అయిపోయి ఇన్ని వారాలైనా ఆ వాట్సాప్ గ్రూపు ఇంకా నడుస్తూనే ఉంది. పొద్దున్నే గుడ్ మార్నింగులు, పుట్టినరోజు శుభాకాంక్షలు, మధ్యమధ్యలో ఎవరో ఒకరు తీరిగ్గా పెట్టే ఫొటోలు. ఇవాళ వచ్చింది మాత్రం అక్కడి తాబో అనే ఊళ్ళో పాత బౌద్ధ గుడి లోపల తీసింది. అదీ ఫ్లాష్ వేసి. గోడ మీద తెల్లగా వెలుగు పడి సగం బొమ్మ కనబడకుండా పోయింది. దాని కింద వరసగా హృదయాలు, దండాలు.

లోపల ఫొటోలు తీయకూడదు. బయట చెప్పులు విడిచేచోట మా గైడు చేతులు జోడించి మరీ చెప్పాడు. ఫోన్లు సంచీలో పెట్టుకోమన్నాడు. అందరం తలూపాం.

ఫొటో వచ్చేసరికి అత్తయ్య నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఫోన్లోకి తొంగిచూసి, "ఎవరమ్మా ఈ సామి?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే కొంగుతో చేతులు తుడుచుకుని దణ్ణం పెట్టుకున్నారు. "నా ఫోనుకి పంపించు, పొద్దున లేవగానే చూసుకుంటాను" అన్నారు. సరేనన్నాను కానీ పంపలేదు. పంపబుద్ధి కాలేదు. సాయంత్రం రెండుసార్లు అడిగారు కూడా.

అసలు ఆ గోడ దగ్గర ఏం జరిగిందో రాయాలి. ఆ టూర్లో చేసిన ట్రెక్కు గురించి ఇంతకుముందు ఈ బ్లాగులో రాసినప్పుడు దీన్ని కావాలనే వదిలేశాను, కోపంలో రాస్తే కోపమే మిగులుతుందని.

తాబో గుడి బయటి నుంచి చూస్తే ఏమీ అనిపించదు. మట్టి గోడలు, మట్టి కప్పు, ఎత్తు కూడా తక్కువే. 996లో కట్టారు. అంటే మన రాజరాజ నరేంద్రుడి కంటే ముందు, నన్నయ ఇంకా మొదలుపెట్టకముందు. 1975లో వచ్చిన కిన్నౌర్ భూకంపంలో దెబ్బతిని కూడా ఆ గోడలు నిలబడ్డాయి. లోపలికి అడుగుపెడితే కాసేపు ఏమీ కనబడదు. కప్పులోని సందులోంచి కాస్త వెలుగు దిగుతుంది, అంతే. కళ్ళు అలవాటుపడ్డాక గోడల మీద తల పైనుంచి, మనుషులంత మట్టి విగ్రహాలు గాల్లో కూర్చున్నట్టు బయటపడతాయి. మధ్యలో నాలుగు దిక్కులకీ నాలుగు రూపాలుగా వైరోచనుడనే బుద్ధుడు. ఆ విగ్రహాల కింద, మన కళ్ళకి సరిగ్గా అందే ఎత్తులో, గోడ పొడుగునా బొమ్మల కథలు. ఒకవైపు బుద్ధుడి జీవితం. ఇంకోవైపు సుధనుడి యాత్ర.

మా గైడు ఆ ఊళ్ళవాడే. పాతికేళ్ళు కూడా ఉండవు. చిన్న టార్చి పట్టుకుని, వెలుగు నేరుగా గోడ మీద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్ళ సందుల్లోంచి జారేంత వెలుగులో ఒక్కో బొమ్మా చూపించాడు. "చూడండి దీదీ, ఈ పిల్లాడే సుధనుడు. గురువుల్ని వెతుక్కుంటూ నడుస్తూనే ఉంటాడు" అన్నాడు. ప్రతి బొమ్మలోనూ ఆ పిల్లాడు చేతులు జోడించి ఎవరో ఒకరి ముందు నిలబడి ఉంటాడు. ఆ గురువులందరూ సన్యాసులు కాదు. ఒకరు ఓడ నడిపేవాడు, ఒకరు అత్తర్లు అమ్మేవాడు, ఒకామె వేశ్య, ఒకడైతే ఇసుకలో ఆడుకుంటున్న చిన్న పిల్లాడు. ప్రతి ఒక్కరూ "నాకు తెలిసింది ఇంతే, మిగతాది ఫలానావాళ్ళని అడుగు" అని ముందుకి పంపిస్తారు. కొండలన్నీ నడిచి కాళ్ళు పీకుతున్న నాకు ఆ మాట ఎంత బాగా ఎక్కిందో.

నాకు ఇంకో విషయం కూడా తెలుసు. ఈ కథ ఉన్న బౌద్ధ గ్రంథం గండవ్యూహ సూత్రంలో సుధనుడి ఊరు ధాన్యాకరం. అది మన ధాన్యకటకమే, అంటే అమరావతి పక్కన ఉన్న ధరణికోటే అని కొందరు పండితుల అభిప్రాయం. ఈ పిల్లాడు మా ఊరి పక్కనుంచే బయల్దేరాడు తమ్ముడూ అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫ్లాష్ పడింది. గైడు ఉలిక్కిపడి టార్చి ఆపేశాడు. ఎవరు తీశారో నాకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. లోపల కూర్చున్న పెద్ద లామా ఏమీ అనలేదు, తల ఎత్తి చూశారంతే. ఆ వెంటనే గుమ్మం దగ్గర్నుంచి టూర్ లీడర్ గొంతు: "ఐదు నిమిషాలే టైముంది, అందరూ బయటికి!"

అంతే. సుధనుడు అత్తర్లవాడి దగ్గర ఆగిపోయాడు. అంతదూరం వెళ్ళి, కొన్నేళ్ళుగా పుస్తకాల్లో చదువుకుని, ఆ గోడ ముందు నిలబడ్డాక నన్ను బయటికి తోలేశారు.

ఎంత బాధేసిందంటే, బయట ఎండలో షూ లేసులు కట్టుకుంటుంటే వేళ్ళు వణికాయి. మా ఆడపడుచు "పోనీలే వదినా, మళ్ళీ వద్దాం" అంది. మళ్ళీ ఎక్కడ వస్తాం? ఈయన మోకాళ్ళు చూడాలి, పిల్లాడి ఇంటర్ చూడాలి. ఈ ఒక్కసారికే ఇంటిని ఒప్పించడానికి ఎంత తంటాలు పడ్డానో.

ఆ గ్రూపుతో ఇలాంటివి మొదటి నుంచీ ఉన్నాయి. దారిలో ఛోర్తెన్లు, అంటే బౌద్ధుల చిన్న స్తూపాలు వస్తే కుడిచెయ్యి వైపు ఉంచుకుని దాటాలి, మనం గుడి చుట్టూ తిరిగే పద్ధతే. చెప్పినా వినరు. సెల్ఫీకి ఎటు బాగుంటే అటు నుంచి పోయేవాళ్ళు. లాంగ్జా అనే ఊరు దాటాక, 4,400 మీటర్ల ఎత్తులో, గాలి తప్ప ఇంకో చప్పుడు లేనిచోట, ఒకాయన సంచీకి స్పీకరు తగిలించుకుని పాటలు పెట్టాడు. లాంగ్జాలో పిల్లలు రాళ్ళలో దొరికిన నత్తగుల్లల్లాంటి శిలాజాలు చూపిస్తారు. హిమాలయం పుట్టకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది, దాని గుర్తులవి. వాటిని బయటికి పట్టుకుపోకూడదని గైడు చెబుతుండగానే వెనక బేరాలు. నాకు తల పగిలిపోయేది. కొంత ఎత్తు వల్ల, కొంత వీళ్ళ వల్ల.

అందుకే టూర్ కంపెనీలతో ఇంకెప్పుడూ వెళ్ళకూడదు, వెళితే సొంతంగానే వెళ్ళాలి అని ఈ టపా మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఇక్కడికి వచ్చేసరికి ఆ మాట నిలబడేలా లేదు. సొంతంగా వెళితే దేముల్ అనే ఊరు ఎక్కడ దొరికేది నాకు?

కోమిక్ ఊరి నుంచి దేముల్‌కి కొండ మీదుగా నడవాలి. నాబోటి వాళ్ళకి ఆ దారి గైడు లేకుండా తెలియదు. దేముల్లో హోటళ్ళు లేవు. ఇళ్ళవాళ్ళు వంతులవారీగా అతిథుల్ని ఉంచుకుంటారు, ఎవరికీ ఎక్కువ తక్కువ లేకుండా. మా వంతు వచ్చిన ఇంట్లో ఒక అవ్వ ఉంది. గది మధ్యలో ఇనప పొయ్యి, దాని గొట్టం కప్పులోంచి బయటికి. పిడకలు వేసి రాజేసి, ఉప్పూ వెన్నా వేసిన టీ పోసి, పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నేనూ కూర్చుని ఒలిచాను. ఏ ఊరు అని గైడు చేత అడిగించింది. గుంటూరంటే తెలియలేదు, ఆంధ్రా అంటే తల అడ్డంగా ఊపింది. అమరావతి అన్నాను. అవ్వ చేతిలో కాయ పక్కన పెట్టింది.

లేచి లోపలి పూజగదిలోకి వెళ్ళి ఒక చిన్న సీసా తెచ్చింది. మందు బిళ్ళల సీసా. అందులో అడుగున నల్లటి మట్టి, ఎండి పొడైపోయింది. మా పొలాల మట్టి! ఎక్కడున్నా గుర్తుపడతాను. 2006లో దలైలామా ఇచ్చిన కాలచక్ర దీక్షకి అమరావతి వచ్చినప్పుడు స్తూపం దగ్గర తీసుకెళ్ళిందట.

ఆ రాత్రి నాకు నిద్రలేదు. ఎత్తు వల్ల అనుకున్నారు అందరూ. నాకేమో నాన్న గుర్తొచ్చారు.

2006 జనవరి, సంక్రాంతి ముందు రోజులు. నేను డిగ్రీలో ఉన్నాను. దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇస్తున్నారని పేపర్లో రోజూ ఫొటోలు వచ్చేవి. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటక స్తూపం దగ్గరేనని టిబెట్ బౌద్ధుల నమ్మకం. "లక్షమంది వచ్చారట, మన ఊరి పక్కన ఇంత జరుగుతుంటే ఇంట్లో కూర్చుంటామా" అని నాన్న సెలవు పెట్టి నన్ను తీసుకెళ్ళారు. గుంటూరు బస్టాండులో అమరావతి బస్సు అప్పటికే కిక్కిరిసి ఉంది. మా ముందు సీట్లో ఇద్దరు లామాలు, ఒడిలో అరటిపళ్ళు. కండక్టరు వాళ్ళకి టిక్కెట్టు డబ్బులు వేళ్ళు మడిచి లెక్క చెబుతున్నాడు. వాళ్ళు నవ్వుతూ గుప్పెడు చిల్లర చెయ్యి చాపి, నువ్వే తీసుకో అన్నట్టు సైగ చేశారు. ఆయన లెక్కపెట్టి తీసుకుని, మిగతాది వాళ్ళ గుప్పిట మూశాడు.

బస్సు దిగితే ఇది మన అమరావతేనా అనిపించింది. ఎటు చూసినా గుడారాలు, ముదురెరుపు బట్టలు, పెద్ద పెద్ద డేగిసాల్లో ఉడుకుతున్న నూడుల్స్ పులుసు. మన ఎండకి ఆ ఊలు బట్టల్లో చెమటలు కక్కుతూ ముసలివాళ్ళు. స్తూపం అంటే అప్పటిదాకా నాకు స్కూలు పిక్నిక్కు. పచ్చిక మీద డబ్బాలు విప్పి పులిహోర తినే చోటు. చూడ్డానికేముంది, ఒక దిబ్బ, చుట్టూ నాలుగు రాతి పలకలు, మంచి శిల్పాలన్నీ లండన్లోనూ మద్రాసులోనూ మ్యూజియాల్లో ఉన్నాయి, అనేవారు మా సోషల్ మాస్టారు. ఆ దిబ్బ చుట్టూ ఆ రోజు ఆగకుండా మనుషులు తిరుగుతున్నారు. కొందరు అడుగడుక్కీ సాష్టాంగపడి, లేచి, మళ్ళీ పడుతూ. అరచేతులకి చెక్కముక్కలు కట్టుకున్నారు. ఒక ముసలామె నిలబెట్టిన పలక దగ్గర ఆగి నుదురు ఆనించింది. ఎంతసేపటికీ తియ్యదు. వెనకవాళ్ళు తోసుకోలేదు, పక్కనుంచి వెళ్ళిపోయారు. నాన్న గుళ్ళకి వెళ్ళే మనిషి కాదు. ఆ రోజు మాత్రం మాట్లాడకుండా చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. నేనూ నడిచాను. ఆ ముసలామె తల తీశాక నాన్న మా నీళ్ళ సీసా ఇచ్చారు. ఆవిడ తాగి, సీసా తిరిగిచ్చి, నాన్న నెత్తి మీద చెయ్యి పెట్టింది. నాన్న కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది అప్పుడే.

దేముల్ అవ్వ, ఆ ముసలామె ఒకరు కాదు, నాకు తెలుసు. 2006లో ఈవిడకి అంత వయసుండదు. అయినా ఆ సీసా చేతిలో పట్టుకున్నప్పుడు నాన్న గురించి చెప్పాలనిపించి, వచ్చీరాని హిందీలో గైడుకి చెబితే వాడు అవ్వకి చెప్పాడు. అవ్వ నా చెయ్యి వదల్లేదు. తాబోలో 1996లో, కీ గొంపా అనే మఠంలో 2000లో కాలచక్రం జరిగినప్పుడు కూడా వెళ్ళిందట. అమరావతే బాగా గుర్తుందట, ఎండ వల్ల.

ఇదంతా ఆ గైడు పక్కన కూర్చుని అటుదిటు ఇటుదటు చెప్పబట్టే కదా. ఆ టూర్లో వాడు ఉండబట్టే కదా. మరి కంపెనీ టూర్లు వద్దని ఏ నోటితో అనను?

టూర్ లీడర్ మీద కోపం కూడా ఇప్పుడు ఆలోచిస్తే అంత న్యాయంగా లేదు. తాబో నుంచి నాకో అనే ఊరికి వెళ్ళే దారిలో మలింగ్ వాగు ఉంది. ఎప్పుడు పైనుంచి రాళ్ళు జారతాయో తెలియదు. ఎండ ఎక్కేకొద్దీ పైన మంచు కరిగి కొండవాగుల్లో నీళ్ళు పెరుగుతాయి కాబట్టి మధ్యాహ్నం లోపు దాటెయ్యాలి. పద్నాలుగు మంది ప్రాణాలు ఆయన చేతిలో ఉన్నాయి. దేముల్లో మా ఆడపడుచుకి ఊపిరాడకపోతే, రాత్రంతా గంటగంటకీ లేచి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది ఆయనే.

కానీ మరి ఆ పొద్దున టిఫిన్ల దగ్గర గంటన్నర ఎందుకు పోగొట్టినట్టు? ఒకరికి ఆమ్లెట్ కావాలి, ఒకరికి ఆలూ పరాఠా, ఒకరి జుట్టు ఇంకా ఆరలేదు. అప్పుడు లేని తొందర గుడి గుమ్మం దగ్గరే గుర్తొచ్చిందా? తిండికి, కేఫులో కాఫీకి, వంతెన మీద గ్రూప్ ఫొటోకి ఉన్న టైము, వెయ్యేళ్ళ గోడకి లేకపోయింది. కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. షెడ్యూల్లో "తాబో మొనాస్టరీ – 30 నిమిషాలు" అని రాసినవాళ్ళు ఆ గోడ ముందు ఒక్కసారి నిలబడితే బాగుండు.

ఇంక అత్తయ్య సంగతి. బీపీ మనిషి, ఆ ఎత్తుకి ఈ జన్మలో వెళ్ళలేరు. సుధనుడు ఆవిడకి కనబడేది ఆ ఫొటోలోనే. తీసినవాడి మీద కోపాన్ని ఆవిడ దణ్ణం మీద చూపించడం నాకే నచ్చలేదు. ఇందాక పంపించేశాను. పంపించి, గ్రూపులో మాత్రం ఒక మెసేజ్ పెట్టాను: "ఆ గుడిలో ఫొటోలు తీయకూడదని మనందరికీ చెప్పారు. దయచేసి ఇది తీసెయ్యండి. ఫ్లాష్ వల్ల రంగులు పాడవుతాయంటారు." ఈ రెండూ ఒకే చేత్తో ఎలా చేశావని ఈయన అడిగారు. నాకు రెండూ సబబుగానే ఉన్నాయి.

ఎవరూ బదులివ్వలేదు, గైడు తప్ప. వాడు విడిగా రాశాడు. చలికాలంలో స్పితిలో వాడికి పని ఉండదు. ఈసారి అవ్వనీ వాళ్ళమ్మనీ బుద్ధగయ తీసుకెళుతున్నాడట. అక్కడి నుంచి అమరావతి ఎంత దూరం దీదీ, అవ్వ మళ్ళీ రావాలంటోంది, ఎక్కడ దిగాలి, గది దొరుకుతుందా అని అడిగాడు. గుంటూరు స్టేషన్లో దిగితే చాలు, గది మాటెత్తొద్దు, మేడ మీద గది ఖాళీగా ఉంది, కారు ఈయన నడుపుతారు అని రాశాను. సుధనుడి కథ అత్తర్లవాడి దగ్గర ఆపేశావు, మిగతాది వచ్చి మా అత్తయ్యకి కూడా చెప్పాలి అని కూడా రాశాను. ఊలు కోట్లు తెచ్చుకోవద్దన్నాను, డిసెంబరైనా సరే.