17 మెట్లు

లండన్‌లో అక్క వాళ్ళింట్లో ఉన్న పది రోజుల్లో నా కోసం అడిగింది ఒక్కటే, కథల్లో డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ ఉండే ఇల్లు, బేకర్ స్ట్రీట్ 221బి. చిన్నప్పుడు అద్దె లైబ్రరీలో డిటెక్టివ్ పుస్తకాలు నమిలేసిన బాపతు నేను. "లేని మనిషి ఇంటికి అంత టికెట్టా బావా" అని మా బావ ఒకటే నవ్వు. ఆ నంబర్ కూడా ఉత్తదే, ఇల్లు నిజానికి 237కీ 241కీ మధ్యలో ఉంటుంది, 1990లో మ్యూజియం పెట్టారు.

హోమ్స్ గదికి 17 మెట్లని కథలో ఉంటుంది కదా, లెక్కపెడుతూ ఎక్కుతుంటే వెనకాయన తోసేసరికి 9 దగ్గర తప్పిపోయా. పైన పనమ్మాయి వేషంలో, నల్ల గౌను మీద తెల్ల ఏప్రన్‌తో గైడ్ అమ్మాయి నిలబడి ఉంది. ఆ పిల్లని చూడగానే, హోమ్స్ స్నేహితుడు వాట్సన్ ఇంట్లో పనిపిల్ల మేరీ జేన్ గుర్తొచ్చింది. ఆ మెట్ల మాట వచ్చేది 1891 నాటి 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా' కథలో, దానికి కాస్త ముందే హోమ్స్ వాట్సన్ ఎడమ బూటు మీద ఆరు గాట్లు చూసి మీ పనిపిల్లకి పని చాతకాదు, బురద గీకబోయి తోలు కోసేసింది అంటాడు. అప్పట్లో ఆ తెలివికి పడిపోయా గానీ వాట్సన్ భార్య ఆ పిల్లని పన్లోంచి పొమ్మంది అన్న ముక్క కళ్ళ ముందే ఉన్నా దాటేశా. గ్లాసు పగిలితే పనావిడ జీతంలో కోసిన ఇంట్లో పెరిగినవాణ్ణి, కన్ను అక్కడ ఎలా ఆగుతుంది లెండి.

అక్కణ్ణుంచి జూబిలీ లైన్‌లో రైలు మారకుండా కెనరీ వార్ఫ్ వెళ్ళిపోయాం, అక్కడ లండన్ మ్యూజియం డాక్‌ల్యాండ్స్, ఇది ఫ్రీ. 1800ల మొదట్లో, కరీబియన్‌లో బానిసలు పండించిన పంచదార దించుకోడానికి కట్టిన గోడౌన్. లోపల సెయిలర్‌టౌన్ అని పాత రేవు సందులు కట్టి పెట్టారు, చీకటి, ఇరుకు. హోమ్స్ రోజుకి షిల్లింగ్ ఇచ్చి ఊరంతా వెతికించే వీధి పిల్లలు ఇలాంటి సందుల్లోవాళ్ళే అయ్యుంటారు. వాళ్ళంతా ఒకసారి బిలబిల్లాడుతూ హోమ్స్ గదికి పైకొస్తే ఇకనుంచి మీ లీడర్ విగ్గిన్స్ ఒక్కడే రావాలి, మిగతావాళ్ళు వీధిలో ఆగండి అంటాడాయన. అదీ చదివిందే, పట్టించుకోలేదు.

బయటికొచ్చేసరికి కెనరీ వార్ఫ్ అద్దాల ఆఫీసు టవర్ల ముందు డెలివరీ కుర్రాళ్ళు సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఒకడు ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే పలకరించా. పైకెళ్ళి ఇచ్చేయొచ్చుగా అన్నా.

"పైకి రానివ్వరన్నా, వాళ్ళే దిగొస్తారు" అని మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోయాడు.