టగ్ మోడల్‌కి మోటారు: లెక్క ప్రొపెల్లర్ దగ్గర మొదలుపెట్టండి

మీటరు దాటిన టగ్‌బోట్ మోడల్ మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ముందు మోటారు కొంటారు. 775 సైజుది, చేతికి బరువుగా తగిలేది ఒకటి తెచ్చుకుని, దానికి సరిపోయే ప్రొపెల్లర్ కోసం వెతుకుతారు. ఈ వరుస తలకిందులు. టగ్ పని పరిగెత్తడం కాదు, ఓడల్ని లాగడం. పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగినప్పుడే ఆ లాగుడు వస్తుంది. అందుకే ముందు ప్రొపెల్లర్ సైజు, తర్వాత అది తిరగాల్సిన ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు), ఆ తర్వాతే మోటారు.

అసలు టగ్ నుంచే లెక్క కడదాం. 30 మీటర్ల హార్బర్ టగ్, బరువు 400 టన్నులు, రెండు ఇంజన్లు కలిపి 2000 కిలోవాట్లు, 2.2 మీటర్ల ప్రొపెల్లర్లు రెండు, ఒక్కోటి సుమారు 230 ఆర్‌పీఎం, వేగం 12 నాట్లు, బొలార్డ్ పుల్ 30 టన్నులు అనుకోండి. బొలార్డ్ పుల్ అంటే టగ్‌ని గట్టుకి తాడుతో కట్టేసి ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఆ తాడు మీద పడే లాగుడు. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ నేవీకి కట్టినవి 50 టన్నుల తరగతి టగ్‌లు. మన ఉదాహరణ అంతకన్నా చిన్నది.

దీన్ని 1:25 స్కేలుకి దించితే పొడవు 1.2 మీటర్లు, ప్రొపెల్లర్ 88 మి.మీ. వేగాన్ని స్కేలు వర్గమూలంతో, అంటే 5తో భాగించాలి. 2.4 నాట్లు వస్తుంది, సెకనుకి 1.2 మీటర్లు, మనిషి నింపాదిగా నడిచే వేగం. ఆర్‌పీఎంని మాత్రం 5తో గుణించాలి, 1150 వస్తుంది. బరువు, లాగుడు స్కేలు ఘనంతో, అంటే 15,625తో తగ్గుతాయి. బోటు 25.6 కిలోలు, బొలార్డ్ పుల్ 1.9 కిలోలు. పవర్ 25కి మూడున్నర ఘాతంతో, అంటే 78,125తో తగ్గుతుంది. 2000 కిలోవాట్లు కాస్తా 25.6 వాట్లవుతాయి.

రెండు షాఫ్టులూ కలిపే అంత. ఒక్కో షాఫ్టుకి 13 వాట్లు చాలు. చిన్న ప్రొపెల్లర్ నీళ్లలో పెద్దదానంత సమర్థంగా పనిచేయదు, షాఫ్టు ట్యూబులో రాపిడి ఉంటుంది, కాబట్టి రెట్టింపు చేసి షాఫ్టుకి 25 వాట్లు పెట్టుకోండి. పాతిక కిలోల బోటుకి వందల వాట్ల మోటారు కావాలన్న భయం ఈ లెక్కతో పోవాలి. అసలు సమస్య వాట్లు కాదు, టార్క్, అంటే షాఫ్టుని తిప్పే బలం.

88 మి.మీ. నాలుగు రెక్కల ప్రొపెల్లర్, పిచ్ (ఒక్క చుట్టుకి ప్రొపెల్లర్ లెక్కప్రకారం ముందుకి జరిగే దూరం) వ్యాసం కన్నా కొంత తక్కువ ఉన్నది, బోటు కట్టేసి ఉండగా 1200 ఆర్‌పీఎం దగ్గర సుమారు 0.08 న్యూటన్ మీటర్ల టార్క్ అడుగుతుంది. ఆర్‌పీఎం రెట్టింపైతే టార్క్ నాలుగింతలు, పవర్ ఎనిమిదింతలు. ఆర్‌పీఎం మార్చకుండా వ్యాసం పెంచితే టార్క్ ఐదో ఘాతంతో పెరుగుతుంది. 70 మి.మీ. తీసి 88 పెట్టారంటే మోటారు మీద బరువు మూడింతలు దాటిందన్నమాట. "కాస్త పెద్ద ప్రొపెల్లర్" అనే మాట ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది.

12 వోల్టులకి 6000 ఆర్‌పీఎం తిరిగే 775ని ఈ ప్రొపెల్లర్‌కి నేరుగా తగిలిస్తే? వైండింగ్ రెసిస్టెన్స్ 0.3 ఓం అనుకుని లెక్క వేస్తే అది 2700 ఆర్‌పీఎం దగ్గర ఆగిపోతుంది, 22 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి 260 వాట్లు తీసుకుని సగం కూడా షాఫ్టుకి ఇవ్వదు. మిగిలిన 140 వాట్ల పైచిలుకు మోటారులోనే వేడిగా మారుతుంది. టాప్ గేర్‌లో ఘాట్ రోడ్డు ఎక్కించిన బండి పరిస్థితే దీనిదీ. కొద్ది నిమిషాల్లో బ్రష్‌లు, వాటి వెనకే వైండింగ్ మాడతాయి. మోటారు నాసిరకం అనుకుని ఇంకా పెద్దది కొంటే మరిన్ని ఆంపియర్లు కాలడం తప్ప లాభం లేదు.

అదే మోటారుకి 5:1 బెల్టు పెట్టండి. ప్రొపెల్లర్ 1150 దగ్గర తిరుగుతుంది, మోటారు తనకి హాయిగా ఉండే 5700-5800 దగ్గర ఉంటుంది, కరెంటు రెండు ఆంపియర్ల లోపే. జీటీ2 బెల్టు, 6 మి.మీ. వెడల్పుది సరిపోతుంది. మోటారు మీద 16 పళ్ల పుల్లీ, షాఫ్టు మీద 80 పళ్లది, అది దాదాపు 51 మి.మీ. వ్యాసం ఉంటుంది. త్రీడీ ప్రింటర్ల విడిభాగాలు అమ్మేచోట ఇవన్నీ దొరుకుతాయి. ఇనుప గేర్‌బాక్స్ కన్నా బెల్టే నయం. గేర్ల చప్పుడు ఖాళీ ఫైబర్‌గ్లాస్ హల్‌లో (బోటు డొల్లలో) మోగిపోతుంది.

బెల్టు పెట్టినప్పుడు షాఫ్టు ముందు కొసని వదిలేయకూడదు. బెల్టు బిగువు షాఫ్టుని పక్కకి లాగుతుంది, ట్యూబులోని బుష్ ఒకవైపే అరిగి నీళ్లు లోపలికి వస్తాయి. 6 మి.మీ. షాఫ్టుకి పుల్లీకి అటూ ఇటూ 626 బేరింగులు పెట్టి, ప్రొపెల్లర్ తోపుని ఒక కాలర్‌తో ఆ బేరింగ్ మీదే ఆపండి. మోటారు జరుపుకునేలా మౌంటు రంధ్రాలు పొడుగ్గా కోస్తే బెల్టు బిగువు సరిచూసుకోవడం సులువు.

బెల్టు ఇష్టం లేనివాళ్లకి ఇంకో చక్కటి దారి ఉంది: 24 వోల్టుల పీఎండీసీ (శాశ్వత అయస్కాంతాలున్న డీసీ) మోటారుని 12 వోల్టులతో నడపడం. 24కి 3000 తిరిగేది 12కి 1500 తిరుగుతుంది, లోడు పడ్డాక 1200 దగ్గర నిలబడుతుంది, కరెంటు ఒకటిన్నర ఆంపియర్ల చుట్టుపక్కల. నేరుగా కప్లింగ్‌తో కలిపేయొచ్చు. పారిశ్రామిక పాత సామాను అమ్మే దుకాణాల్లో ఇలాంటివి వెతకండి. బరువుగా ఉంటాయి, కానీ టగ్‌లో ఎలాగూ కిలోల కొద్దీ సీసం నింపాలి కాబట్టి ఆ బరువు లాభమే. కారు వైపర్ మోటారు మాత్రం ప్రొపెల్లర్‌కి పనికిరాదు. వార్మ్ గేర్ తర్వాత నిమిషానికి ఏ అరవై చుట్లో తిరుగుతుంది. తాడు చుట్టే వించ్‌కి వాడుకోండి.

775 అనేది డబ్బా సైజు మాత్రమే. అదే సైజులో 12 వోల్టులకి 4000 తిరిగేవీ ఉన్నాయి, 12,000 తిరిగేవీ ఉన్నాయి. అందుకే కొనేముందు ఏ వోల్టేజికి ఎంత ఆర్‌పీఎం, నో-లోడ్ కరెంటు (ఏమీ తగిలించకుండా తిరిగేటప్పుడు లాగేది) ఎంత అని అడగాలి. ఇంటికి తెచ్చాక రెండు దిక్కులా తిప్పి నో-లోడ్ కరెంటు కొలవండి. ఒకవైపు గమనించేంత ఎక్కువ లాగితే అది డ్రిల్లు కోసం టైమింగ్ (బ్రష్‌లు వైండింగ్‌లో కరెంటు మార్చే క్షణం) ముందుకి జరిపిన మోటారు. రివర్స్‌లో బలహీనంగా ఉంటుంది. జంట ప్రొపెల్లర్ల టగ్‌లో ఒకటి కుడికి, ఒకటి ఎడమకి తిరగాలి కాబట్టి అలాంటి జత పెడితే బోటు ఒక పక్కకి లాగేస్తూ ఉంటుంది.

ఇక బ్రష్‌లు లేని, అంటే బ్రష్‌లెస్ మోటార్ల సంగతి. 100 కేవీ (ఇక్కడ కిలోవోల్టులు కాదు, వోల్టుకి 100 ఆర్‌పీఎం అని) ఉన్న పెద్ద డ్రోన్ మోటారు 12 వోల్టులకి సరిగ్గా 1200 తిరుగుతుంది, ఆంపియరు చుట్టూ కరెంటుతో ఈ ప్రొపెల్లర్‌ని తిప్పేస్తుంది. కాగితం మీద దీన్ని మించింది లేదు. ఇబ్బంది నెమ్మదిగా కదిలించాల్సినప్పుడు వస్తుంది. సెన్సర్ లేని ఈఎస్‌సీకి (మోటారు వేగాన్ని అదుపుచేసే ఎలక్ట్రానిక్ కంట్రోలర్‌కి) మోటారు కొంత వేగం అందుకుంటే గాని రోటర్ ఎక్కడుందో తెలియదు, ఆ లోపు కుదుపులు. ఓడ పక్కకి అంగుళం అంగుళంగా చేరడమే టగ్ అందం, అక్కడే కుదుపు కనిపిస్తే బోటు బొమ్మలా ఉంటుంది. సెన్సర్లున్న మోటారు, ఎఫ్‌ఓసీ పద్ధతి (రోటర్ స్థానాన్ని బట్టి కరెంటుని నున్నగా ఇచ్చే) ఈఎస్‌సీ పెట్టుకునే స్తోమత ఉంటే పెట్టుకోండి. లేదంటే బ్రష్ మోటారే నా ఓటు.

ఈఎస్‌సీని నడిచే కరెంటు చూసి కొనకండి, మోటారు పూర్తిగా ఆగిపోతే వచ్చే కరెంటు చూడండి. 0.3 ఓం మోటారుకి 12 వోల్టులంటే 40 ఆంపియర్లు. చెరువులో గుర్రపుడెక్క చుట్టుకున్నా, సొంత తాడే ప్రొపెల్లర్‌లో పడినా అంత వస్తుంది. ఒక్కో మోటారుకి విడిగా 5 ఆంపియర్ల కారు ఫ్యూజు వేయండి. కార్ల ఈఎస్‌సీల్లో రివర్స్‌కి ముందు బ్రేకు పడుతుంది, స్టిక్ రెండుసార్లు లాగాలి. టగ్‌కి అది కుదరదు, బోట్ మోడ్ ఉన్నదే తీసుకోండి. మోటారు టెర్మినళ్ల మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి డబ్బాకి ఒక్కోటి చొప్పున మూడు 104 సిరామిక్ కెపాసిటర్లు అతికిస్తే రేడియో గొడవ తగ్గుతుంది.

బ్యాటరీ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 12 వోల్టుల 12 ఏహెచ్ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు మోటార్లనీ ఫుల్ మీద రెండు గంటలు నడుపుతుంది, బరువూ సాయం చేస్తుంది.

అన్నీ బిగించాక పరీక్ష తప్పనిసరి. బోటుని నీటిగీత దాకా మునిగేలా బరువు నింపి, వెనక హుక్‌కి లగేజీ తూకం తగిలించి గట్టుకి కట్టండి. బ్యాటరీ వైరులో వాట్‌మీటర్ పెట్టి, ఫుల్ థ్రాటిల్ పది నిమిషాలు ఆపకుండా నడపండి. తొట్టిలో వద్దు, నీళ్లు సుడి తిరిగి లాగుడు తప్పు చూపిస్తుంది. చెరువో, ఈత కొలనో కావాలి. రెండు కిలోల దగ్గర లాగుతూ మొత్తం నాలుగైదు ఆంపియర్లలోపు ఉంటే లెక్క కుదిరినట్టే. లాగుడు తక్కువ, కరెంటూ తక్కువైతే షాఫ్టు పుల్లీని 60 పళ్లదిగా మార్చండి. లాగుడు తక్కువై కరెంటు ఎక్కువైతే పిచ్ మితిమీరిందో, షాఫ్టు బిగుసుకుందో చూడండి. బెల్టు విప్పి ప్రొపెల్లర్‌ని వేలితో తోస్తే తేలిగ్గా తిరగాలి. లాగుడు ఎగుడుదిగుడుగా ఉండి వెనక బుడగలొస్తుంటే ప్రొపెల్లర్ పైనుంచి గాలి పీలుస్తోంది, వెనకవైపు బ్యాలస్ట్ (అడుగున నింపే బరువు) పెంచండి.

పది నిమిషాలయ్యాక మోటారు డబ్బా మీద వేలు పెట్టండి. ఐదు సెకన్లు ఉంచలేకపోతే అది 60 డిగ్రీలు దాటినట్టు. మన మే నెల ఎండలో డెక్కు మూసేసిన హల్‌లో అది ఇంకా పెరుగుతుంది. అప్పుడు ఫ్యాను పెట్టేకన్నా ముందు పుల్లీ నిష్పత్తి పెంచి చూడండి.