మ్యూ-2లో ఎర్ర చార: తప్పు లెన్స్‌ది కాదు

ఒలింపస్ మ్యూ-2 అనే చిన్న ఫిల్మ్ కెమెరాను గుర్తుపట్టడం తేలిక. 1997లో వచ్చింది, అమెరికాలో దీని పేరు స్టైలస్ ఎపిక్. పేరు చూసి మోసపోకుండా లెన్స్ చుట్టూ ఉన్న అక్షరాలు చదవండి. 35 ఎంఎం, 2.8 అని ఉండాలి. పేరు చివర ‘జూమ్’ అని తగిలించుకున్నవి వేరే కెమెరాలు, వాటి లెన్స్ ఇంత వెలుతురు రానివ్వదు. సీఆర్123ఏ సెల్ ఒకటి వేసి ముందు మూత జరిపాను. ఫ్లాష్ ఛార్జ్ అయింది, షట్టర్ పడింది. ఇక్కడిదాకా పది నిమిషాలు.

“బాగా పనిచేస్తోంది” అని అమ్మేవాళ్లు చెప్పేది కూడా ఇక్కడిదాకే. ఫిల్మ్ వేసి చూసి చెప్పేవాళ్లు చాలా తక్కువ.

మొదటి రోల్ కడిగిస్తే సగం ఫోటోల్లో ఒకే అంచున ఎర్రటి చార. రిపేరు చేసే ఆయన ఫోన్‌లో స్కాన్లు చూసి, “లెన్స్ పోయిందండీ, స్పేర్ పార్టుల కింద అమ్మేయండి” అన్నాడు. నేనూ నమ్మేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. నెగటివ్, అంటే కడిగిన అసలు ఫిల్మ్, అడగని మనిషి చెప్పే తీర్పు వినకండి.

తెల్లటి స్క్రీన్ మీద నెగటివ్ పెట్టగానే సంగతి తెలిసిపోయింది. చార ముదురు రంగులో, ఫ్రేము దాటి, అంచున ఉన్న రంధ్రాల దాకా పాకింది. నెగటివ్‌లో ముదురంటే అక్కడ వెలుతురు ఎక్కువ పడిందని. లెన్స్‌లోంచి వచ్చే వెలుతురు ఫ్రేము గడిలోనే పడుతుంది, రంధ్రాల మీదికి రాదు. స్కాన్ చేసేటప్పుడు ల్యాబ్‌లో అంచులు కత్తిరించేస్తారు కాబట్టి అందులో ఇది కనిపించదు.

రెండో ఆధారం రంగు. కలర్ నెగటివ్‌లో ఎరుపును పట్టే పొర అన్నిటికన్నా అడుగున, ఫిల్మ్ వీపు వైపు ఉంటుంది. వెనకనుంచి వెలుతురు సోకితే ముందు దెబ్బతినేది అదే. అందుకే ఫోటోలో ఎరుపు. ముందునుంచి సోకితే పసుపో తెలుపో వస్తుంది. అంటే వెలుతురు దూరే సందు వెనక తలుపులోనే ఉంది.

ఆ తలుపుకు, లోపలున్న ఫిల్మ్ పేరు కనిపించే చిన్న కిటికీ ఉంటుంది. దాని చుట్టూ వెలుతురు రాకుండా ఆపే నల్ల ఫోమ్ పొడిపొడిగా రాలుతోంది. రెండు ఫోటోల మధ్య కెమెరా ఎండలో ఎక్కువసేపు ఉన్నచోట చార చిక్కగా ఉంది, వెంటవెంటనే తీసినచోట అసలు లేదు. లెక్క సరిపోయింది. అయినా ఖాయం చేసుకోవాలని కిటికీ మీద బయటినుంచి నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి ఇంకో రోల్ తీశాను. 36కి 36 శుభ్రంగా వచ్చాయి.

ఫోమ్ మార్చడానికి ఓపిక చాలు. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, కాసేపు నాననిచ్చి, చెక్క టూత్‌పిక్‌తో గీకాలి. సూదులూ స్క్రూడ్రైవర్లూ వద్దు. తెరిచిన వైపు కిందికి ఉండేలా పట్టుకుంటే ముక్కలు షట్టర్ మీద పడవు. తలుపు మధ్యలో ఫిల్మ్‌ను ఒత్తిపట్టే నల్లటి ప్లేటుకు పాత ఫోమ్ జిగురు అంటనివ్వకండి, అది ఫిల్మ్‌కు పాకుతుంది. కొత్త ఫోమ్ మరీ మందమైతే తలుపు బిగుసుకుంటుంది, గొళ్లెం మీద భారం పడుతుంది. జిగురు వైపు కొంచెం తడి చేస్తే వెంటనే అతుక్కోదు, సరిగ్గా జరుపుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

కెమెరా ముందు కవర్ మాత్రం విప్పకండి. సెల్ తీసేసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలవ ఉండొచ్చు. ఈ చార పోవడానికి అటువైపు పనే లేదు.