నెలంతా ఒక్క నాటకమే

నెల మొదట్లో రాసిపెట్టుకున్న జాబితాలో పుస్తకాలు చాలానే ఉన్నాయి. నెలాఖరుకి పూర్తిగా చదివింది గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’ ఒక్కటే. ఒక నవల సగంలో ఉంది. అయినా చాలాకాలం తర్వాత ఒక పుస్తకాన్ని తనివితీరా చదివానన్న తృప్తి మిగిలింది.

మొదట్లో చదువు ముందుకి సాగలేదు. గురజాడ పాత్రలు మాట్లాడేది అప్పటి విజయనగరం వైపు వాడుక. కళ్ళతో చదువుకుంటూ పోతే ప్రతి పేజీలో ఎక్కడో ఒకచోట ఆగాల్సి వచ్చేది. రెండో అంకం నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. అంతే, దారి సాఫీ అయిపోయింది. రామప్పపంతులు ఎక్కడ బుకాయిస్తున్నాడో, వేశ్య మధురవాణి ఎక్కడ అతన్ని ఆడిస్తోందో మాట విరుపులోనే పట్టుబడింది. పాత నాటకాలు చదవాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఇదొక్కటే: తలుపు వేసుకుని గట్టిగా చదవండి.

సగం అయ్యాక, 1897 నాటి మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక చదివాను. ఈ నెలలో నన్ను అన్నిటికంటే కదిలించింది ఆ కొద్ది పేజీలే. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్క వివాహాల, అంటే డబ్బు తీసుకుని ఆడపిల్లని ఇచ్చిన పెళ్ళిళ్ళ, జాబితా తయారు చేయించారట. అది పూర్తి జాబితా కాదని గురజాడే అంటారు. అయినా లెక్కకి వచ్చినవి 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు జరిగేవని ఆ వెంటనే రాశారు. ఆ వాక్యం దగ్గర పుస్తకం పక్కన పెట్టేశాను. ఆ రోజు ఇంకేమీ చదవలేకపోయాను.

మర్నాడు మళ్ళీ వెనక్కి, అగ్నిహోత్రావధానులు ఇంటి దగ్గరికి వెళ్ళాను. చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకి పద్ధెనిమిది వందలకి ఇస్తానని ఆయన చెప్పే ఘట్టం అది. అంతకుముందు ఆ కోపిష్టి మాటలకి నవ్వుకుంటూ దాటిపోయాను. ఈసారి నా చూపంతా ఆయన భార్య వెంకమ్మ మీదే నిలిచింది. పెద్దకూతురు బుచ్చమ్మ వితంతువై కళ్ళెదుట తిరుగుతోంది, చిన్నదానికీ అదే రాత రాస్తున్నారు. ఆ తల్లి నూతిలో దూకడం వెనక ఎంత బరువుందో అప్పుడు తెలిసింది. ఈ పెళ్ళి తప్పించడానికి సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధానులుకి పెళ్ళికూతురిగా అమ్మడం కూడా అలాగే. నవ్వు తగ్గలేదు గానీ, ఆ ఎత్తు పారకపోతే సుబ్బి గతేంటన్న టెన్షన్ చివరిదాకా వదల్లేదు. సంస్కరణ కోసం రాసిన నాటకం అని చిన్నప్పటినుంచీ వింటున్న మాటే. ఆ అంకెలు చూశాకే గురజాడకి ఎంత మండి ఉంటుందో అర్థమైంది. అంత మంటలోనూ మనిషిని నవ్వించగలగడం నాకు పెద్ద విద్యలా కనిపిస్తుంది.

సగంలో ఉన్న నవల డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. 1957లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో తన బతుకు తానే నిర్ణయించుకునే ఇందిరను సుబ్బి, బుచ్చమ్మల వెంటనే కలుసుకోవడం అనుకోకుండా జరిగింది. ఈ వరసలో చదవబట్టి ఇందిర మొండితనం మీద నాకు ఎక్కడా విసుగు రావడం లేదు.

అది ముగిశాక మళ్ళీ కన్యాశుల్కమే. నేను చదివింది గురజాడ దాదాపు తిరగరాసి 1909లో వేసిన రూపం. 1897 నాటి పాఠం పక్కన పెట్టుకుని, మధురవాణి ఎలా పెరిగిందో సీను సీనుకీ చూడాలని ఉంది. జాబితాలోని మిగతా పుస్తకాలు ఆగుతాయి.